మన సీమ రాతి మిద్దె

గుళ్ళకు శాసనములు కలవు. కోటలకు కైఫియత్తులు కలవు. మనుష్యులు పుట్టి, పెరిగి, కాపురముచేసి, గిట్టిన యింటికి మాత్రము ద్వారబంధము పైపట్టెమీద చెక్కిన యొక సంవత్సరపు పేరు దప్ప వేఱు సాక్ష్యము లేదు. అదియైనను అన్ని యిండ్లకు లేదు. మెకంజీ దొర (ఈయన 1821లో గతించెను) మన దత్తమండలములలో ఊరూరి వృత్తాంతములను గ్రామకరణముల కవిలెలనుండియు వృద్ధుల నోటనుండియు వ్రాయించి తెప్పించెను. పిదప బ్రౌను దొర వానిలో పెక్కింటికి ప్రతులు వ్రాయించెను. ఊరెవరు కట్టించిరి, చెరువెవరు త్రవ్వించిరి, పాళెగాడెవరు, మాన్యమెంత అనునవి అందు విరివిగా నున్నవి. ఇల్లెట్లు కట్టిరి, కప్పెట్లు వేసిరి అనుదానికి మాత్రము అందు చోటు మిక్కిలి తక్కువ. వ్రాసినవారు నాబోటి లెక్కలవారే కావున వారిని తప్పుపట్టను. కంటియెదుట నిత్యముండు వస్తువును ఎవరును వ్రాసిపెట్టరు. అది పోయిన పిమ్మట వెదకుదురు.

రజతోత్సవ సంచికకు చరిత్రవ్యాసమొకటి వ్రాయుమని మన గ్రంథాలయ కార్యవర్గమువారు కోరినప్పుడు, రాయలవారి దండయాత్రలను విడిచి రాతి మిద్దెను చేపట్టుటకు కారణమిదియే. రాయలవారిని గూర్చి వ్రాయువారు పెక్కురు కలరు. మిద్దెకు మనమే దిక్కు.

మిద్దె యనగా మన ప్రాంతమున సమతలమైన పైకప్పుగల యిల్లు. సర్కారు జిల్లాలనుండి వచ్చిన బంధువులు మన యూళ్ళను చూచి, ‘ఇవి కప్పులేని యిండ్లవలె నున్నవే’ యని వేళాకోళమాడుట కద్దు. వారి పెంకుటిండ్లకు వాలు కావలయును, ఏలయనగా వారికి వాన కలదు. అనంతపురము జిల్లాలో ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. గోదావరి మండలములలో దానికి రమారమి రెట్టింపు కురియును. వాన తక్కువయైనచోట అడవియు పలుచన. పొడవైన కలపయు తాటిదూలములును చౌకగా దొరకని దేశమున, ఏటవాలు కప్పు నెత్తుటకు వలయు వాసములు ఎక్కడనుండి వచ్చును? కావున మనవారు ఆకాశమునుండి రానిదానికై వగవక, నేలలో నున్న రాతిని చేపట్టిరి.

ఆ రాతి కథ కొంచెము చెప్పవలసియున్నది. జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల ప్రాంతములలో దొరకు నాపరాయి సున్నపురాతి జాతిది. బహుకోట్ల యేండ్లకు పూర్వము సముద్రజలము క్రింద పొరపొరగా పేరుకొని గట్టిపడినది. విలియము కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలను గూర్చి వ్రాసిన గ్రంథము 1872లో వెలువడినది. నేటికిని శాస్త్రజ్ఞులు ఆ పేరులనే వాడుచున్నారు. ఈ జాతి సున్నపురాతిని నీరు తినివేయగా ఏర్పడినవే కొలిమిగుండ్ల చెంతనున్న బెలుము గుహలు. పొరలుగా పేరుకొన్న రాయి పొరలుగానే విడివడును. గనిలో రాతి యంచున వరుసగా ఉలులు నిలిపి, సమముగా సుత్తితో తట్టుచుపోగా పలక తనంతట తాను లేచును. ఎక్కడ తట్టవలయునో చెవితో తెలిసికొందురు. గట్టిరాయి గంటవలె పలుకును. లోపల బీటయున్న రాయి మట్టికుండవలె పలుకును. దక్షిణమున పెనుకొండ, మడకశిర దిక్కున నాపరాయి లేదు, నల్లరాయి కలదు. అచ్చట బండమీద మంటపెట్టి కాచి, వేడికి పొర పైకి ఉబుకునట్లు చేసి, ఆ పొరను దిమ్మలుగా పగులగొట్టుదురు. ఒకటే సీమయైనను రాయిమాఱగా పనితనము మాఱినది. ఇల్లును మాఱినది.

ఇక గోడ. పాతమిద్దె గోడ రెండడుగులకు తక్కువ యుండుట అరుదు. మూడడుగుల గోడలును కలవు. చూపునకు ఒక్క గోడవలె నుండును గాని నిజమునకు అది రెండు గోడలు. వెలుపలి ముఖమొకటి, లోపలి ముఖమొకటి పేర్చి, నడుమ చిన్నరాళ్ళతో బంకమట్టితో కూరుదురు. అక్కడక్కడ ఈ ముఖమునుండి ఆ ముఖము వఱకు పట్టునట్టి నిడుపురాయి నొకదానిని అడ్డముగా వేయుదురు. ఆ రాయి లేనియెడల రెండు ముఖములును కాలక్రమమున ఎడబాసి, గోడ గర్భిణివలె ఉబ్బి కూలును. కూలిన పాతగోడలను పరిశీలించినచో చాలవఱకు ఈ కట్టురాయికి పీనాసితనము చేసినవే యని తెలియును.

సున్నము వాడక మట్టి వాడుట బీదతనముచేతనే యని కొందఱందురు. అది సగము నిజము. మిగిలిన సగము రేగడినేలలో నున్నది. మన నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు కుంచించి నెఱ్ఱెలు విచ్చును. అట్టి నేలమీద బిఱ్ఱబిగిసిన కట్టడము పగులును. మట్టిలో పేర్చిన రాళ్ళు నేలతోపాటు వెండ్రుకవాసి కదలి మరల సర్దుకొనును. ఐనను బుద్ధిమంతులు రేగడిని తోడివేసి, క్రిందనున్న గట్టినేల తగులువఱకు పునాది త్రవ్వియే కట్టిరి. నేటివారు సిమెంటు పైని నమ్మకముచేత పునాదిలోతును తగ్గించి, మూడేండ్లకే గోడమీద మెఱుపుతీగలవంటి పగుళ్ళను లెక్కించుకొనుచున్నారు.

మిద్దెలో అసలు విద్య కప్పులో నున్నది. దీనిని కొంచెము నిదానముగా చదువుడని చదువరులకు మనవి. గోడనుండి గోడకు, నడుమ కంబముల యూతతో, పెద్ద దూలములు వేయుదురు. కంబము తలపై బోదెను అమర్చుదురు. దూలపు బరువును వెడల్పుగా అందుకొనుట దాని పని. కలిగినవారు ఆ బోదెలమీద చిలుకలు, తామరమొగ్గలు చెక్కించిరి. ఇంతకుమించిన అలంకారము సాధారణ మిద్దెలలో కానరాదు. రెండు దూలముల నడిమి యెడమునకు అంకణమని పేరు. ‘ఆయనది అయిదంకణముల మిద్దె’ యన్నచో ఊరిలో ఆయన స్థితి తెలిసిపోవును. ఈ మాటయే కొన్నిచోట్ల స్థలపు కొలతయై, నెల్లూరు సీమలో 72 చదరపుటడుగులకు, తిరుపతి ప్రాంతమున 36 చదరపుటడుగులకు నిలిచినది. దొరకు దూలపు నిడివియే గది వెడల్పును నిర్ణయించెను. అడవిలో చెట్టు ఎంత పెరిగెనో మన పడసాల అంతే పెరిగినది.

దూలములపై అడ్డముగా దంతెలు, దంతెలపై నాపపలకలో చితుకు కట్టెలో పఱతురు. దానిపై వేపాకు, కానుగాకు దట్టముగా వేయుదురు. ఆ చేదునకు చెదలు చేరదని నమ్మకము. ఆపైని జానెడు మందమున తడిమట్టి వేసి త్రొక్కుదురు. అన్నింటికి మీద చౌడు.

ఈ చౌడును గూర్చి మన పిల్లలకు తెలియదు. చౌటినేలలో గడ్డియైనను సరిగా మొలవదు. వ్యవసాయమునకు అంతకన్న కొఱగాని నేల లేదు. బట్టలుదుకుటకు చాకలివారు దానిని కొనిపోయెడివారు. అట్టి మన్ను మిద్దెకు గొడుగైనది. కారణము శాస్త్రజ్ఞులు చెప్పుదురు: చౌటిలో సోడియపు లవణములు అధికము. వానిచేత బంకరేణువులు నీరు తగులగానే విడివడి, ఉబ్బి, సందుసందులను మూసివేయును. పైపొర తడిసిన పిమ్మట నీరు క్రిందికి దిగదు. ఏ గుణముచేత ఆ నేలలో నీరింకక పైరు చచ్చుచున్నదో, ఆ గుణముచేతనే ఇల్లు కురియక నిలుచుచున్నది. మనవారు రసాయనశాస్త్రము చదువలేదు. ఏ గుంటలో నీరు ఇంకక నిలిచియుండునో చూచి, ఆ గుంట మన్నును నెత్తికెత్తుకొనిరి.

కాని చౌడు ఏటేట అడుగును. వేసవి కడపట, తొలకరికి ముందు, పాతచౌటిమీది గడ్డి పెఱికి, క్రొత్తచౌడు చల్లి, నీటివాలు దోనెలవైపు సరిచేయవలయును. బండ్లతో చౌడు తోలుట, గంపలతో మీదికెక్కించుట, ఒకరి మిద్దెపని కొకరు సాయమగుట, ఇవి యెల్ల పూర్వము వ్యవసాయపు పనులలో నొకటిగా నడచినవి. ఒక్క యేడు ఉపేక్షించినచో కురియును. రెండేండ్లు ఉపేక్షించినచో దంతెలు పుచ్చును. అటుపిమ్మట రాతిగోడ నూఱేండ్లది యైనను ప్రయోజనము లేదు. ఇంటికి ఆయువు రాతిలో నున్నదని మనమనుకొందుము. ఈ గంపెడు మన్నులో నున్నది.

గవాక్షిని మఱువరాదు. వాడుకలో గవాచ్చి యందుము. అమరకోశము గవాక్షమును వాతాయనమునకు పర్యాయముగా చెప్పినది. అనగా గాలివచ్చు త్రోవ. ఆవుకన్ను వంటిదని పదార్థము. సంస్కృతమువారి గవాక్షము గోడలో నుండగా, మన గవాక్షి కప్పులోనికి ఎక్కినది. వంటింటిపైని, పడసాల నడుమను మూరెడు కంత విడిచి, చుట్టును అంచుకట్టి, వానవచ్చునప్పుడు బండనో కుండపెంకునో మూయుదురు. పగటియెండ అందుండి స్తంభమువలె దిగి, నేలమీద గుండ్రని మచ్చయై ప్రొద్దుతోపాటు నడచును. ఇంటి ముసలమ్మలు ఆ మచ్చను చూచి ఎసరు పెట్టు వేళ చెప్పెడివారు. ఇది వినుటకు సొగసుగా నున్నది. కాని ఆ యొక్క కంతతప్ప వెలుతురులేని వంటింటిలో, పొగలో, జొన్నరొట్టెలు తట్టిన ఆడువారి కన్నులేమైనవో మన పూర్వులు లెక్కవ్రాయలేదు. పాతమిద్దెను పొగడువారు ఒకసారి ఆ వంటింటిలో కట్టెలపొయ్యి వెలిగించి కూర్చుండి చూతురుగాక.

వీధిగోడకు కిటికీ యేల లేదు? దీనికి ఉత్తరము చరిత్రలో నున్నది. విజయనగరము పడినపిదప మన సీమ గోలకొండవారికి, మొగలాయీలకు, కడప నవాబులకు, హైదరాలీ టిప్పూలకు, నిజామునకు చేతులు మాఱుచు వచ్చెను. 1800వ సంవత్సరమున నిజాము దీనిని కంపెనీవారికి దత్తము చేసెను. ఆ యేడు కలెక్టరుగా వచ్చి 1807 వఱకు నుండిన మన్రో దొర నాటికి ఇచ్చట దాదాపు 80 మంది పాళెగాండ్రుండిరి. శిస్తు నేడొకడు, ఱేపొకడు వసూలుచేయు కాలమున రైతునకు గోడయే కోట. 1816లో పిండారీలు గుంటూరు, కడప మండలములలో దోపిళ్ళు చేసిరి. కావున వీధివైపు గోడ గ్రుడ్డిది. ద్వారమొక్కటి, అదియు తల వంచక చొరరానిది. తలుపు వెనుక గోడలో దాగియుండి అడ్డముగా లాగబడు మ్రాను. తల వంచి లోనికి వచ్చువాడు కత్తి యెత్తలేడు. పెద్దలు దీనిని గడపకు నమస్కరించు మర్యాదగా చెప్పుదురు. మర్యాదయు నిజమే కావచ్చును. భయము మొదట పుట్టినదని నా తలంపు.

మిద్దె ప్రక్క మిద్దె ఆనించి కట్టుటయు ఇందుకే. వీధి యొక కొననుండి మఱియొక కొనకు నేల త్రొక్కక మీదమీదనే పోవచ్చును. ఊరి బురుజునుండి కేకవినబడగానే మగవారు కప్పులమీదికెక్కి పిట్టగోడల చాటున నిలుచుటకు ఇది యనుకూలము. అదే కప్పు ఎండలో మిరపకాయలకు కళ్ళము, వేసవిరాత్రులలో ఇంటిల్లిపాదికిని పడక.

లోపలికి పోయినచో మొదట పశువులు, పిదప మనుష్యులు. వాకిలి దాటగానే పల్లపు భాగమున ఎద్దుల గాడి. అచ్చటినుండి రెండు మెట్లెత్తున పడసాల. దాని వెనుక వంటిల్లు, గాదెల గది. పశువుల నింటిలో కట్టుట అనాగరికమని మన చదువుకొన్న పిల్లలు ముక్కు మూసికొందురు. కాడియెద్దులు పోయినచో ఆ యేటి సేద్యము పోయినట్లే. దోపిడిదినములలో వానిని వెలుపల కట్టువాడు వెఱ్ఱివాడు.

ధాన్యమునకు గాదెకన్న భద్రమైన చోటు పాతర. వాకిటనో పెరటనో గట్టినేలలో కూజావలె త్రవ్వుదురు. మూతి యిఱుకు, కడుపు విశాలము. లోపల జొన్నచొప్పతో గడ్డితో అట్టకట్టి, జొన్నలు పోసి, బండతో మూసి, మట్టిమెత్తి, పైని నేల చదునుచేయుదురు. ఎఱుగనివాడు దానిమీదనే నడచిపోవును. గాలి యాడని చీకటిలో పురుగు బ్రదుకదు. కాని గింజలు లోపల గాలిని బొగ్గుపులుసు గాలిగా మార్చును. అందుచేత పాతర తెఱచిన వెంటనే ఎవరును దిగరాదు. మూత తీసి పూటంతయు విడిచి, దీపము దింపి, అది ఆఱకున్నప్పుడే మనిషిని దింపుదురు. ఈ జాగ్రత్త పాటింపక ప్రాణములు కోల్పోయినవారును కలరు. గండికోటలో ప్రభువుల ధాన్యాగారము రాతితో సున్నముతో కమానుకప్పుగా నేటికిని నిలిచియున్నది, వేలమంది చూచిపోవుచున్నారు. రైతు ధాన్యాగారము వాని కాలిక్రిందనే యుండుటచేత చూడవచ్చువారు లేరు.

ఈ పాతరలు ఏటి పంటకై కాదు, కఱవునకై. 1866 కఱవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తమ ధాన్యమును ధనమును అన్నార్తులకై వెచ్చించి విక్టోరియా రాణిచేత బంగారుపతకము నందుకొనిరి. పదియేండ్లు తిరుగకమునుపే 1876-78 నాటి మహాక్షామము, జనులు ధాత కఱవని చెప్పుకొనునది, వచ్చిపడినది. 1871, 1881 జనాభా లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టినచో కర్నూలు జిల్లాలో ప్రతి నలుగురిలో నొకరు తఱిగిరని తేలుచున్నది. అంతటి తఱుగును నేను మఱి యే పద్దులోను చూడలేదు. నిండిన పాతరయున్న యిల్లు నిలిచినది. పాతరలేని గుడిసె నిలువలేదు.

గుడిసె యనగా మఱియొక మాట చెప్పక తప్పదు. రాతి మిద్దెలు కట్టినవారు వాటిలో కాపురముండలేదు. రాయి తీసినవారు, గోడ పేర్చినవారు వడ్డెవారు. దూలము చెక్కినవారు వడ్రంగులు. చౌడు మోసినవారు మాలమాదిగలు. వీరిలో పెక్కురు ఊరివెలుపల బోదకప్పు కొట్టములలో నుండిరి. చౌడు చల్లుటకు కప్పుమీదికి ఎక్కవచ్చును గాని గడపదాటి పడసాలలోనికి రాకూడని రోజులవి. ద్వారబంధముమీద కట్టించినవాని పేరున్నచోటులు కలవు. కట్టినవాని పేరున్నచోటు నాకు నేటివఱకు కనబడలేదు. మన మిద్దెల చరిత్ర వ్రాయువారు ఈ పద్దును వదలివేసినచో లెక్క కుదరదు.

మాఱుదల ఒక్కనాడు రాలేదు. మదరాసునుండి కడప, గుత్తిమీదుగా రాయచూరు వఱకు రైలుదారి 1871 నాటికి పూర్తియైనది. అటుపిమ్మట మన నాపరాయి దూరదేశములకు పోయెను. బొంబాయి వంటిండ్లలో గట్టురాతికి ‘కడప్ప’ యనియే పేరు. 1882లో మదరాసు అడవిచట్టము వచ్చి నల్లమలనుండి కలప తెచ్చుకొనుట కష్టమాయెను. తరువాతి మిద్దెలలో కొయ్యకంబములకు బదులు రాతికంబములు హెచ్చుటకు ఇదియు నొక కారణమని నా యూహ. ఇటీవలి వింత వేఱు. ఏ సున్నపురాతిని మనవారు పలకలుగా లేపి గోడలు పేర్చిరో, ఆ రాతినే నేడు ఎఱ్ఱగుంట్ల, తాడిపత్రి ప్రాంతముల కర్మాగారములలో పొడిచేసి సిమెంటుగా బస్తాలకెత్తుచున్నారు. ఆ సిమెంటుతో మిద్దెను కూల్చినచోట స్లాబు వేయుచున్నారు. అయిదంగుళముల స్లాబు పగలంతయు ఎండను త్రాగి, రాత్రి మన మంచముమీద కుమ్మరించును. మట్టికప్పు క్రింద వేసవిలో విసనకఱ్ఱతో సరిపుచ్చుకొన్నవారి మనుమలు నేడు చలువయంత్రములకు కరెంటుబిల్లు కట్టుచున్నారు.

ఐనను మిద్దె కూల్చువారిని నేను నిందింపను. నలుగురన్నదమ్ములు పంచుకొన్న అయిదంకణములలో ఎవరికిని ఇల్లు మిగులదు. చౌడు తోలుటకు బండ్లు లేవు, బండ్లకు ఎద్దులు లేవు, సాయపడుటకు పొరుగువాడు బెంగుళూరిలో నున్నాడు. పాతదూలములకు, చెక్కడపు తలుపులకు పట్టణములలో మంచి ధర పలుకుచున్నది. మఱికొన్ని యిండ్లు యజమానుల యిష్టముతో పనిలేకయే పోయినవి. శ్రీశైలము జలాశయము 1981 ప్రాంతమున నిండినప్పుడు దాదాపు నూఱు గ్రామములు మునిగినవి. గండికోట జలాశయమునకై 2020లో తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ చేయింపబడినది. శ్రీశైలపు ముంపులోని గుళ్ళను కొన్నింటిని రాయి రాయి విప్పి మెట్టకు తరలించి మరల నిలిపిరి. ఇండ్ల రాళ్ళకు అంకెలు వేసినవారు లేరు.

ఇండ్లనన్నింటిని నిలుపుట మనచేత కాదు. వ్రాసిపెట్టుట మనచేతనగును. అందుకు ఇంజనీరు అక్కఱలేదు. గోడ మందమెంత, అంకణములెన్ని, దూలము ఏ జాతి కొయ్య, గవాక్షి ఎచ్చట, పాతర ఎచ్చట, ద్వారబంధముమీద అక్షరములేవి, చౌడు ఏ గుంటనుండి వచ్చినది, కట్టిన వడ్డెవారి యింటిపేరేమి, ఈ వివరములకు ఒక్కొక్క యింటికి రెండు కాగితములు చాలును. కట్టుబడి తెలిసిన వృద్ధులు మన చుట్టుప్రక్కల ఇంకను కొందఱున్నారు. వారికి చూపు తగ్గినది గాని రాతిని తట్టి గుణము చెప్పగలరు. ముందు వారిని అడుగవలయును, పిదప గోడలను కొలువవలయును. గోడలు మఱికొన్నాళ్ళు ఆగగలవు.

ఈ వేసవిలో మిద్దె విప్పదలచిన చందాదారులు విప్పుటకు వారము ముందుగా గ్రంథాలయములో కబురుచేసిన చాలును. ఖాతాపుస్తకమొకటి ఇందుకై వేఱుగా కుట్టించి బీరువాలో నుంచితిమి. కొలబద్ద, నూలుదారము నావద్ద కలవు. ఆదివారములు నాకు తీరిక.